చారల జెల్లను ఉమ్మడి తొట్టిలో చేర్చడం: కొలతలు, నష్టాలు, మార్పులు

పని మొదలైన నాటి స్థితి

హన్మకొండలోని మా ఇంటి ముందు గదిలో ఉన్న అక్వేరియం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గలది. అంచు దాకా నింపితే 255 లీటర్లు పట్టే ఈ తొట్టిలో అడుగు పొర, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా నిజంగా ఉండే నీరు 180 లీటర్ల వరకే. ఉప్పు గానీ మందు గానీ లెక్క వేయవలసింది ఈ 180కే తప్ప 255కు కాదు కనుక ఈ అంకెను మొదటే రాసి పెడుతున్నాను.

చేపల లెక్క: నియాన్ టెట్రాలు 12, ప్లాటీలు 6, విడో టెట్రాలు 8, రోజీ బార్బ్‌లు 6, బ్లూ గౌరామీలు 3. మొత్తం 35.

వీటి మధ్యకు వేటాడే క్యాట్‌ఫిష్‌ను తెచ్చి నిలపగలమా, ఏ చేప దానికి ఆహారమవుతుందో ముందుగానే కొలిచి చెప్పగలమా అన్నదే ఈ పని. కలిసి ఉంటాయనీ, ఉండవనీ దుకాణాల్లో చెప్పే మాటలకు కొలతల ఆధారం కనిపించదు. ఒకరి తొట్టిలో ఏళ్ల తరబడి సఖ్యంగా ఉన్న చేపే మరొకరి తొట్టిలో వారం తిరగకుండా పక్క చేపలను మింగుతుంది. ఈ తేడా చేప జాతిలో లేదనీ, దాని నోటి వెడల్పుకూ పక్క చేప ఒంటి ఎత్తుకూ మధ్య ఉన్న లెక్కలో ఉందనీ అనుకొని మొదలుపెట్టాను. ఒంటి ఎత్తు అంటే ఈ డైరీలో వీపు అంచు నుంచి పొట్ట అంచు వరకు, రెక్కలను వదిలేసి కొలిచిన దూరం.

మొదటి దశ: ఏ క్యాట్‌ఫిష్

వేటాడే క్యాట్‌ఫిష్ కావాలని అడిగితే దుకాణాల్లో ముందుగా చూపించేది రెడ్‌టెయిల్ పిల్లను. అమ్మే నాటికి మూడంగుళాలు ఉండే ఈ దక్షిణ అమెరికా చేప పెరిగితే మీటరు దాటుతుంది. నాలుగడుగుల తొట్టిలో అది వెనక్కి తిరగడానికే చోటు చాలదు. ‘షార్క్’ పేరుతో అమ్మే వెండి రంగు చేప కూడా నిజానికి మెకాంగ్ ప్రాంతపు పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్. ఆంధ్ర చెరువుల్లో తిండి చేపగా పెంచుతున్నది దానినే, అదీ మీటరు దాటేదే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం.

చివరకు ఎంచుకున్నది మన చెరువుల్లో దొరికే చారల జెల్ల. దీని శాస్త్రీయ నామం మిస్టస్ విట్టాటస్. ఒంటి మీద పొలుసులు ఉండవు. పక్కల పొడవునా నాలుగైదు నల్లని చారలు, మొప్ప వెనుక ఒక నల్ల మచ్చ, మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు ఉంటాయి. పురుగులను, చిన్న రొయ్యలను, చేప పిల్లలను తింటుంది. సుమారు 20 సెంటీమీటర్లకు మించి పెరగదు కనుక నాలుగడుగుల తొట్టిలో జీవితాంతం ఉండగలదు. ఇది పగలు దాక్కొని రాత్రి మేసే చేప. మీసాల మీద రుచిని పసిగట్టే కణాలు ఉండటం వల్ల చీకటిలో కళ్లతో పని లేకుండానే వేటాడుతుంది. తరువాతి దశల్లో వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ లక్షణం నుంచి వచ్చినవే.

ఇది స్థానిక చేపే అయినా, తొట్టిలో పెరిగిన దానిని తిరిగి చెరువులో వదలకూడదు. విదేశీ చేపలతో కలిసి ఉన్నప్పుడు అంటిన రోగాలు దానితో పాటు చెరువుకు చేరతాయి. అక్వేరియంల కోసం దేశంలోకి వచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దెయ్యం చేపగా వలలను చింపుతూ, మత్స్యకారుల పొట్ట కొడుతున్నది. అందువల్ల ఈ జెల్లలను చివరి వరకు నేనే పెంచాలని నిర్ణయించుకున్న తరువాతే తెచ్చాను.

రెండో దశ: చెరువు నుంచి ఇంటికి

జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర కార్తె నాడు చేపలు తినడం మన దగ్గర ఆనవాయితీ కాబట్టి ఆ రోజుల్లో బతికిన చిన్న చేపను విడిగా ఏరి ఇచ్చే తీరిక ఎవరికీ ఉండదు, ధర కూడా దిగదు. కార్తె గిరాకీ తగ్గి, వానలు పడి, చెరువులు మత్తడి పోసే రోజుల్లో జెల్లలు పారే నీటికి ఎదురెక్కుతాయి. అప్పుడు విసురు వలలో రకరకాల పరిమాణాలవి దొరుకుతాయి. ధర్మసాగర్ వైపు ఒక చెరువు కట్ట మీద వీటిని తీసుకున్నాను.

“గివి పులుసుకు మస్తుంటయ్ తమ్మీ, అద్దాల తొట్టిల ఏస్తే చిన్న చేపలను బతుకనిస్తయా?” అని వల విప్పుతున్న పెద్దాయన అడిగాడు.

“అదే చూద్దామని కాకా. ముండ్లు మాత్రం ఇరువకుండ్రి,” అని ముందే చెప్పుకోవలసి వచ్చింది.

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్క రెక్కలకు ఒక్కొక్కటి చొప్పున గట్టి ముళ్లు ఉంటాయి. పక్క ముల్లు లోపలి అంచు రంపపు పళ్లలా ఉంటుంది. కూరకు అమ్మే చేపకు వీటిని పుటుక్కున విరిచి గంపలో వేయడం మత్స్యకారులకు చేతి అలవాటు. ముల్లు విరిగిన చోట తొట్టి నీటిలో బూజు పడుతుంది కనుక అటువంటి చేప ఎంత చురుకుగా కనిపించినా తీసుకోకూడదు.

రవాణాకు పాటించిన వరుస:

1. పాలిథిన్ సంచి వాడలేదు. ముల్లు తగిలితే సంచి చిల్లు పడుతుంది. మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ వాడాను.
2. బకెట్‌లో సగానికి చెరువు నీటినే నింపి, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు పెట్టాను.
3. ఇంటికి తెచ్చాక చెరువు నీటిని తొట్టిలో పోయకుండా పారబోశాను. అందులో జలగలు, చేప పేనులు, నత్త గుడ్లు ఉండవచ్చు.
4. ఒక్కసారి తప్ప చేపను వలతో ఎత్తలేదు.

నాలుగో అంశానికి కారణం ఉంది. చెరువు గట్టున ఒక జెల్లను నైలాను చేతి వలతో ఎత్తినప్పుడు అది రెక్కలను విప్పి బిగించింది. పక్క ముల్లు ఒకసారి నిటారుగా నిలిచాక దాని మొదట్లో తాళం పడినట్టు అవుతుంది, లాగితే ముడుచుకోదు. రంపపు పళ్లు వల కన్నులో దిగిపోయాయి. విడదీయబోయిన మా బావమరిది చూపుడు వేలికి ముల్లు గుచ్చుకొని, చిన్న గాయానికే మణికట్టు దాకా సలుపు పాకింది. చర్మం కాలనంత వేడి నీటిలో అరగంట సేపు వేలు ముంచి ఉంచితే నొప్పి తగ్గింది. గాయాన్ని సబ్బుతో కడగడం, టీటీ ఇంజెక్షను సంగతి డాక్టరును అడగడం కూడా మరవకూడదు. చేపను విడిపించడానికి వల దారాన్ని కత్తెరతో కత్తిరించవలసి వచ్చింది. అప్పటి నుంచి జెల్లను పట్టడానికి వెడల్పు మూతి గల పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బానే వాడుతున్నాను. డబ్బాను నీటిలో పడుకోబెట్టి, చేపను చేత్తో కాక ఒక స్కేలుతో లోపలికి మళ్లించి, నీటితో సహా పైకి తీయాలి.

తెచ్చినవి 4 జెల్లలు, పొడవు 6.8 నుంచి 7.4 సెం.మీ.

ఖర్చు: క్వారంటైన్ తొట్టి (కొత్త చేపలను కొన్నాళ్లు విడిగా ఉంచేది) 1,400, స్పాంజి ఫిల్టర్ 250, నీటి పరీక్ష కిట్ 1,100, జెల్లలు 120, దొడ్డు ఉప్పు 20. ఇప్పటికి మొత్తం రూ. 2,890.

మూడో దశ: క్వారంటైన్

రెండడుగుల తొట్టిలో 45 లీటర్ల నీరు పెట్టాను. స్పాంజి ఫిల్టర్‌ను ముందుగానే కొన్ని వారాల పాటు పెద్ద తొట్టిలో నడిపించి, మేలు చేసే బ్యాక్టీరియా దానిలో పెరిగిన తరువాత ఇక్కడికి మార్చాను. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ఒక రాత్రంతా గాలి ఆడించాకే వాడాను. లీటరుకు 1 గ్రాము చొప్పున 45 గ్రాముల దొడ్డు ఉప్పు కరిగించి పోశాను.

ఇక్కడ ఒక జెల్ల చనిపోయింది. వల రాపిడికి దాని తోక మొదట్లో చర్మం గీరుకుపోయి, తరువాత ఆ చోట తెల్లని దూది లాంటి బూజు పట్టింది. పొలుసులు లేని చేప ఒంటిలోకి మందు త్వరగా చేరుతుంది కాబట్టి, రాగి గానీ మాలకైట్ గ్రీన్ గానీ ఉన్న మందులను సీసా మీది మోతాదులో సగమే వాడాలి. సగం మోతాదుతో బూజు ఆగింది గానీ చేప అప్పటికే మేత మానేసింది. మిగిలిన మూడూ కోలుకున్నాయి.

రెండో ఇబ్బంది మేత వల్ల వచ్చింది. మొదట్లో కోడి మాంసం ముక్కలు వేశాను. రాత్రి తినకుండా వదిలిన ముక్కలు గొట్టాల వెనుక ఇరుక్కొని కుళ్లాయి. పరీక్షలో అమ్మోనియా లీటరుకు 0.5 మి.గ్రా. చూపించింది. మా బోరు నీరు కలిసిన తొట్టిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం నూటికి ఒక పాలు కూడా ఉండదు. అదే పీహెచ్ 8 అయితే ఆరున్నర పాళ్ల వరకు ఉంటుంది. కాబట్టి లవణాలు తక్కువగా, పీహెచ్ తక్కువగా ఉండే మెత్తటి నీరున్న వారు ఇదే అంకెను చూసి నిబ్బరంగా ఉండగలిగినా, బోరు నీటి వారు ఉండలేరు. వెంటనే సగం నీరు మార్చి, మాంసం ముక్కలు మాని, అడుగుకు దిగే గుళికలకూ ఎర్రలకూ మార్చాను. ఎర్రలను వేసే ముందు ఒక పూట తడి గుడ్డలో ఉంచితే కడుపులోని మట్టిని వదిలేస్తాయి.

చేపల లెక్క: పెద్ద తొట్టిలో 35, క్వారంటైన్‌లో 3 జెల్లలు.

నాలుగో దశ: కొలత డబ్బా

బతికిన జెల్లను చేతిలో పట్టుకొని వెర్నియర్ అనే కొలత పరికరంతో నోరు కొలవడం కుదరదు, చేపకూ మనకూ ప్రమాదమే. 4 మి.మీ. అద్దం ముక్కలను సిలికాన్‌తో అతికి 20 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తుతో ఒక డబ్బా చేశాను. అడుగు కూడా అద్దమే కనుక డబ్బాను పైకెత్తి కింద నుంచి ఫోటో తీస్తే నోటి రెండు మూలల మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట గ్రాఫ్ కాగితాన్ని డబ్బా వెనుక అద్దానికి అతికించాను. అదే చేప వేర్వేరు ఫోటోల్లో వేర్వేరు పరిమాణాల్లో కనిపించింది. కెమెరాకు చేప దగ్గరగా, గళ్లు దూరంగా ఉండటం వల్ల చేప ఉన్నదాని కంటే పెద్దదిగా లెక్కకు వస్తున్నది. జెల్ల నోరు పెద్దదిగా నమోదైతే జాగ్రత్త పెరుగుతుంది, నష్టం లేదు. కానీ టెట్రా ఒళ్లు పెద్దదిగా నమోదైతే అది సురక్షితమని తప్పుడు ధీమా కలుగుతుంది. అందువల్ల చేసిన మార్పులు:

1. గళ్ల కాగితాన్ని ముందు అద్దం కింది అంచుకూ, అడుగు అద్దం పక్క అంచుకూ మార్చాను.
2. డబ్బా లోపల కదిలే అద్దం పలక ఒకటి పెట్టి, దాని వెనుక స్పాంజి ముక్కతో నెట్టి, చేపను ముందు అద్దానికి మెల్లగా ఆనించాను.
3. ఒక్కో చేపకు అనేక ఫోటోలు తీసి, జెల్ల నోటికి అన్నింటిలో పెద్ద అంకెను, మిగిలిన చేపల ఒంటికి అన్నింటిలో చిన్న అంకెను తీసుకున్నాను.

అన్నింటికంటే పెద్ద జెల్ల నోరు 8 మి.మీ. వచ్చింది, మిగిలిన రెండింటివీ 7. ఒంటి ఎత్తును 8తో భాగిస్తే వచ్చిన నిష్పత్తులు:

నియాన్ టెట్రా: 7 మి.మీ., నిష్పత్తి 0.9
చిన్న ప్లాటీ: 10 మి.మీ., 1.25
మిగిలిన ప్లాటీలు: 13–14 మి.మీ., 1.6 నుంచి 1.75
రోజీ బార్బ్: 18 మి.మీ., 2.25
విడో టెట్రా: 24 మి.మీ., 3
బ్లూ గౌరామి: 30 మి.మీ., 3.75

నిష్పత్తి 1 కంటే తక్కువ ఉన్నది నియాన్ ఒక్కటే కాబట్టి వాటిని వేరు చేయాలని ఈ దశలోనే తేలిపోయింది. అయితే వాటికి ఉన్న చోటు క్వారంటైన్ తొట్టి ఒక్కటే. జెల్లలు ఖాళీ చేశాక దానిని కడిగి, పూర్తిగా ఎండబెట్టాకే నియాన్లను అందులో వేయాలి. ఆ మధ్య కాలానికి పెద్ద తొట్టిని అడ్డుజాలీతో రెండుగా చేయాలన్నది పథకం.

ఐదో దశ: అడుగు పొర, దాపులు

తొట్టిలో అప్పటి వరకు ఉన్నది పగలగొట్టిన రాతి గులక, అంచులు గరుకు. జెల్ల మీసాలతో అడుగును తడుముతూ తిరిగే చేప కనుక గరుకు రాయి, దాని సందుల్లో పేరుకున్న మురికి రెండూ కలిసి మీసాలను అరగదీస్తాయి. గులక తీసేసి సన్నని వాగు ఇసుక వేశాను. ఇసుక మీద కొద్దిగా వెనిగర్ పోసి చూడాలి. బుసబుస పొంగితే అందులో సున్నం కలిసి ఉన్నట్టే, అది పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. మాది పొంగలేదు. జల్లెడ పట్టి, నీరు తేటపడే వరకు బకెట్లో కలియబెట్టి కడిగాను.

దాపులకు రెండంగుళాల పీవీసీ పైపును అడుగు పొడవు ముక్కలుగా కోసి, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. మూడు జెల్లలకు నాలుగు గొట్టాలు, రెండు చివరలూ తెరిచినవి. దాపులు చేపల కంటే ఒకటి ఎక్కువ ఉంటే వాటి మధ్య తోపులాట తగ్గింది. ఇవి రాత్రిపూట గెంతుతాయి కాబట్టి మూతలోని ఖాళీలన్నింటినీ జాలీతో మూశాను.

ఖర్చు: ఇసుక 150, పైపులు 180, మూత జాలీ 300. ఇప్పటికి మొత్తం రూ. 3,520.

ఆరో దశ: అడ్డుజాలీ, నియాన్ల నష్టం

తొట్టి పొడవులో మూడో వంతును ప్లాస్టిక్ గళ్ల పలకతో వేరు చేసి అక్కడ జెల్లలను వదిలాను. ఒక్కో గడి 12 మి.మీ. జెల్ల తల దానిలో పట్టినా, విప్పిన ముళ్లు అడ్డుపడి అది దాటలేదు. ఆ లెక్క నిజమైంది, ఒక్క జెల్ల కూడా ఇవతలికి రాలేదు. 7 మి.మీ. ఒంటి ఎత్తున్న నియాన్లు మాత్రం గడిలోంచి అవతలికి వెళ్లాయి. ఫిల్టర్ నీరు ఇవతల పడుతుండటంతో అవతలి భాగం నిలకడగా, నీడగా ఉంది. దీపం ఆర్పాక నియాన్లు అటువంటి చోటునే వెతుక్కుంటాయి.

రాత్రి చూడటానికి టార్చికి ఎర్రని గాజు కాగితం చుట్టాను, ఎరుపు వెలుతురును ఈ చేపలు అంతగా పట్టించుకోవు. దీపం ఆర్పిన ముక్కాలు గంటకు పెద్ద జెల్ల గొట్టంలోంచి బయటకు వచ్చింది. ఇసుకకు వేలెడు ఎత్తున కదలకుండా నిలిచిన నియాన్ వైపు అది దూకలేదు. అద్దం వెంట నింపాదిగా నడిచినట్టే వచ్చింది. పొడవాటి మీసం ఒకటి నియాన్ పొట్టకు తగిలింది. తగిలిన క్షణంలోనే తల పక్కకు తిరిగింది, నియాన్ ముందు సగం నోట్లో ఉంది. నీలి గీత ఉన్న తోక భాగం కొద్దిసేపు బయట కొట్టుకొని, తరువాత అదీ లోపలికి పోయింది. జెల్ల కడుపు ఒకవైపు ఉబ్బి, తెల్లవారే దాకా అలాగే కనిపించింది. ఆ సాయంత్రం జెల్లలకు కడుపు నిండా ఎర్రలు వేశాను. కడుపు నిండిన చేప వేటాడదనే నమ్మకం ఇక్కడ నిలవలేదు, మీసానికి తగిలినది నోట్లో పట్టేదైతే అది తీసుకుంటుంది.

జాలీ సరిచేసేలోగా 3 నియాన్లు పోయాయి. చేసిన మార్పు: గళ్ల పలకకు రెండు వైపులా నైలాను దోమల జాలీని గాలపు దారంతో కుట్టాను. దీనితో దాటడం పూర్తిగా ఆగింది, కానీ సన్నని కన్నుల్లో పాచి పట్టి నీటి పారుదల తగ్గింది. రెండు వైపుల నీటి మట్టాల మధ్య 4 మి.మీ. తేడా వచ్చిందంటే జాలీ కడగాలని గుర్తు పెట్టుకున్నాను. ఇదే పని చేయబోయే వారు మొదటి రోజే సన్నని జాలీ కుట్టుకోవడం మంచిది. అడ్డుజాలీ గడిని వేటాడే చేపను బట్టి కాకుండా తొట్టిలోని అతి చిన్న చేపను బట్టి ఎంచుకోవాలి.

క్వారంటైన్ తొట్టి ఎండిన వెంటనే మిగిలిన 9 నియాన్లను అక్కడికి మార్చాను.

చేపల లెక్క: పెద్ద తొట్టిలో 23, జెల్లలు 3, మొత్తం 26. వేరే తొట్టిలో నియాన్లు 9.
ఖర్చు: గళ్ల పలక 400, కరెంటు పోతే దానంతట అదే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు 650. ఇప్పటికి మొత్తం రూ. 4,570.

ఏడో దశ: జాలీ తీయడం

వరుస ఇది:

1. ముందు రోజు రాళ్లు, గొట్టాల స్థానాలు మార్చాను. పాత చేపలకు ‘ఇది మా చోటు’ అనే పట్టు తప్పుతుంది.
2. దీపం ఆర్పే అరగంట ముందు పై చేపలకు తేలే మేత, జెల్లలకు అడుగుకు దిగే గుళికలు వేశాను.
3. జాలీ తీసి, దీపం ఒక్కసారిగా ఆర్పకుండా గది దీపాన్ని మరికొంత సేపు ఉంచాను.
4. ఉదయం దీపం వేసే ముందే చేపలను లెక్కపెట్టాను.

విడో టెట్రాలు, గౌరామీలు చెక్కుచెదరలేదు. గౌరామీలు నీటి పైపొరలో నిద్రిస్తాయి, జెల్ల అడుగున తిరుగుతుంది. నిష్పత్తితో పాటు ఈ ఎడం కూడా వాటికి రక్షణ. 10 మి.మీ. ప్లాటీ మాత్రం కనిపించలేదు. నోరు 8 మి.మీ. అని కొలిచింది మూసి ఉన్నప్పుడు. మింగేటప్పుడు దవడలు సాగుతాయి, మెత్తని పొట్ట కూడా నొక్కుకుపోతుంది. కాబట్టి 1.25 సరిపోదని తేలింది. ఆ రోజు నుంచి 1.5ను కనీస హద్దుగా పెట్టుకున్నాను.

తరువాత ఒక రోజు మరో ప్లాటీ, 13 మి.మీ. ఎత్తున్నది, తోక రెక్క చిరిగి కనిపించింది. దాని నిష్పత్తి 1.6. మింగడానికి వీలు కాని చేపను కూడా జెల్ల నోటితో పట్టి చూసి వదులుతుందన్నమాట. హద్దుకు పైన ఉన్న చేప ప్రాణానికి భయం లేకపోయినా రెక్కలకు ఉంటుంది. ఇది జెల్లలకు నేను మేత వేయని రాత్రి జరిగింది. వారానికి ఒక రోజు ఉపవాసం మంచిదన్న సలహాను ఉమ్మడి తొట్టిలో మానేసి, ఆ రోజున కూడా కొద్దిగా గుళికలు వేస్తున్నాను. రెక్క మళ్లీ మొలిచింది.

వెలుతురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రాత్రంతా జీరో బల్బు ఉంచితే చిన్న చేపలు వచ్చేదానిని చూసి పక్కకు జరగగలుగుతాయనీ, మీసాలతో వేటాడే జెల్లకు వెలుతురుతో పని లేదనీ భావించి తొట్టికి ఎదురుగా బల్బు పెట్టాను. పక్క చేపలకు మేలే జరిగింది, కానీ జెల్లలు గొట్టాలు వదిలి రాక మేత మిగిలిపోయింది, మిగిలిన మేతతో నీరు మసకబారింది. బల్బును గది అవతలి మూలకు మార్చి, తొట్టి వైపు అట్టముక్క అడ్డం పెట్టి, గోడ మీద పడి వచ్చే వెలుతురే తొట్టికి చేరేలా చేశాక రెండూ కుదిరాయి. మన కంటికి చేపల ఆకారం లీలగా తెలిసి రంగు తెలియనంత వెలుతురు చాలు.

చేపల లెక్క: 22, జెల్లలు 3, మొత్తం 25.
ఖర్చు: బల్బు, హోల్డరు, వైరు 220. ఇప్పటికి మొత్తం రూ. 4,790.

ఎనిమిదో దశ: నీరు, చలికాలం

మూడు మాంసాహారులు చేరాక నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి చివరకు నీటిలో మిగిలేది) పెరిగే వేగం పెరిగింది. అంతకు ముందు వారానికి నాలుగో వంతు నీరు మారిస్తే సరిపోయేది, ఇప్పుడు మూడో వంతు, అంటే 60 లీటర్లు, మారుస్తున్నాను. అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలన్నదే నియమం. ఏది కనిపించినా ఆ రాత్రి జెల్లల మేత తగ్గించి, మరుసటి రోజు నీరు మారుస్తాను.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో తొట్టి నీరు 21 డిగ్రీలకు దిగినప్పుడు జెల్లల మేత సగానికి పడిపోయింది. వాటికి ఇది సహజమే. గౌరామీలకు చలి పడదు కనుక హీటర్ పెట్టి 25 దగ్గర నిలిపాను. హీటర్ పాతదే ఉన్నందున లెక్కలో కలపలేదు. జెల్ల వేడి గాజును ఆనుకొని పడుకుంటే ఒళ్లు కాలుతుంది కాబట్టి, హీటర్ చుట్టూ చిల్లుల ప్లాస్టిక్ గొట్టం తొడిగాను.

తొమ్మిదో దశ: పెరిగిన నోరు, మారిన లెక్క

మార్చిలో మళ్లీ అందరినీ కొలత డబ్బాలో పెట్టాను. పెద్ద జెల్ల పొడవు 7.4 నుంచి 11.2 సెం.మీ.కు, నోరు 8 నుంచి 11 మి.మీ.కు పెరిగింది. నా దగ్గరి మూడింటిలోనూ సెంటీమీటరు పొడవుకు సుమారు మిల్లీమీటరు నోరు చొప్పున వస్తున్నది. కొత్త నిష్పత్తులు:

ప్లాటీ: 14 మి.మీ., 1.3
రోజీ బార్బ్: 19–20 మి.మీ., 1.7 నుంచి 1.8
విడో టెట్రా: 25 మి.మీ., 2.3
బ్లూ గౌరామి: 33 మి.మీ., 3

ప్లాటీలు నెలల తరబడి ఏ హానీ లేకుండా వాటి మధ్యే తిరిగాయి. ఇంకొన్నాళ్లు చూద్దామని ఎవరికైనా అనిపించేది ఇక్కడే. ప్లాటీ ఎదుగుదల దాదాపు ఆగిపోయింది, జెల్ల ఎదుగుదల సాగుతున్నది. నిన్న సురక్షితమైన అంకె ఈ రోజు హద్దు దిగువకు వచ్చింది. ఇన్నాళ్లు కలిసి పెరిగాయనే ఆధారంతో జెల్ల ఒకదానిని గుర్తుపట్టి వదలదు, చీకటిలో దాని మీసానికి తెలిసేది పరిమాణమే. 5 ప్లాటీలను నియాన్ల తొట్టికి మార్చాను. అక్కడ బోరు నీటి పాలు కొంచెం పెంచాను. ప్లాటీకి లవణాలు కాస్త ఎక్కువున్న గట్టి నీరే అనుకూలం, నియాన్లకు ఇబ్బంది కాకుండా చూసుకోవాలి కాబట్టి ఈ మార్పు వారాల మీద కొద్దికొద్దిగా చేశాను.

చేపల లెక్క: విడో టెట్రాలు 8, రోజీ బార్బ్‌లు 6, గౌరామీలు 3, జెల్లలు 3, మొత్తం 20. చిన్న తొట్టిలో నియాన్లు 9, ప్లాటీలు 5.

జెల్ల వల్ల పోయినవి: నియాన్లు 3, ప్లాటీ 1. క్వారంటైన్‌లో పోయినది: జెల్ల 1.

ఇక ముందున్న పని రోజీ బార్బ్‌లది. వాటిలో చిన్నదాని ఒంటి ఎత్తు 19 మి.మీ. దానికి 1.5 హద్దు తగలాలంటే జెల్ల నోరు 12.7 మి.మీ. కావాలి, అంటే పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇప్పుడున్న 11.2కు అది ఎక్కువ దూరం కాదు, ఎండాకాలపు వేడి నీటిలో మేత పెరిగి ఎదుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. అందువల్ల కొలతలు ఇక నుంచి నెలకొకసారి తీస్తాను. పెద్ద జెల్ల 12 సెం.మీ. చేరిన నాడు, హద్దు దాకా ఆగకుండా, చిన్న బార్బ్‌ను బయటకు తీస్తాను. మిగిలిన ఐదు బార్బ్‌లకు 23 మి.మీ. ఒంటి ఎత్తు వస్తే జెల్లలు 15 సెం.మీ. అయ్యే వరకు వాటితో ఉండవచ్చు. ఆ ఎత్తు వస్తుందో లేదో ఏప్రిల్, మే కొలతల్లో తెలుస్తుంది, వాటిని ఇదే వరుసలో పదో దశగా నమోదు చేస్తాను.